కోత ఒక పూట, కోలుకోవడం ఇంట్లో

ముక్కు ఆపరేషన్ చరిత్ర ఎవరు చెప్పినా కత్తి చుట్టూనే తిరుగుతుంది. ముందు ఎవరు కోశారు, ఎక్కడి చర్మం తీసి ఎక్కడ అతికారు, ఏ పరికరం ఎప్పుడొచ్చింది. రోగి వైపు నుంచి చూస్తే లెక్క వేరు. కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో ముక్కు దూలం వంకర సరిచేయించుకున్న మనిషి థియేటర్లో ఉండేది గంటో గంటన్నరో, అదీ మత్తులో. ఆ తర్వాత నోటితో గాలి పీలుస్తూ, రెండు దిండ్ల మీద తల ఆనించి, తుమ్ము ఎప్పుడొస్తుందోనని భయపడుతూ గడిపే వారం పది రోజులే అతనికి అసలు ఆపరేషన్. ఆ రోజులకూ ఓ చరిత్ర ఉంది. మొదట్లో ఆ రోజులు వైద్యుడి చేతిలో ఉండేవి, తర్వాత వార్డులో నర్సుల చేతిలోకి పోయాయి, ఇప్పుడు ఇంట్లో ఆడవాళ్ల నెత్తిన పడ్డాయి.

సుశ్రుతుడి పేరు చెప్పి గర్వపడేవాళ్లు చాలామంది. కోత తర్వాత ఆయన ఏం చేయమన్నాడో చదివేవాళ్లు తక్కువ. సుశ్రుత సంహిత సూత్రస్థానం 16వ అధ్యాయంలో, తెగిన ముక్కుకు సరిపడా ఆకు కొలత తీసుకుని, ఆ మేరకు చెంప చర్మం లేపి అతికించే పద్ధతి ఉంది. వెంటనే రెండు ముక్కురంధ్రాల్లో రెండు గొట్టాలు పెట్టమంటాడు. ఊపిరాడాలి, అతికిన చర్మం కుంగిపోకూడదు. పైన పతంగి చెక్క, అతిమధురం, రసాంజనం పొడి చల్లాలి. తెల్లని దూది కప్పాలి. నువ్వుల నూనెతో మాటిమాటికీ తడపాలి. రోగికి నెయ్యి తాగించి, అది అరిగాక విరేచనం ఇవ్వాలి. గాయం ఎండి పక్కు కట్టకుండా తడిగా ఉంచడం, ముక్కు మూసుకుపోకుండా చూడడం: ఈ రెండు సూత్రాలూ నేటికీ మారలేదు. నెయ్యి, విరేచనాల సంగతి మాత్రం మన డాక్టర్లు ఒప్పుకోరు.

ఆ తర్వాత వివరంగా దొరికే కథ పూణేది. ఇంగ్లీషువాళ్ల సైన్యంలో ఎడ్లబండి తోలే కావస్జీ 1792 యుద్ధంలో టిప్పు సుల్తాన్ మనుషులకు చిక్కాడు. ముక్కూ ఒక చెయ్యీ కోసి వదిలేశారు. ఏడాదిపాటు ముక్కు లేకుండానే తిరిగి, చివరకు పూణే దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక పనివాడితో ముక్కు కట్టించుకున్నాడు. చూసినవాళ్లు చెప్పగా ఆ వివరమంతా 1794 అక్టోబరులో లండన్ ‘జెంటిల్‌మన్స్ మ్యాగజీన్’లో అచ్చయింది. పలచని మైనపు పొరను ముక్కు మొండి మీద అద్ది, దాన్ని విప్పి నుదుటి మీద పరిచి, గీత గీసి, ఆ మేర చర్మం కిందికి మడిచి అతికాడని అందులో ఉంది. చరిత్రకారులు ఇక్కడే ఆగిపోతారు. నాకు ఆ తర్వాతి కొన్ని వాక్యాలే ఎక్కువ విలువైనవిగా తోస్తాయి. కాచును నీళ్లలో మెత్తగా కలిపి, గుడ్డ పేలికలకు పూసి, అయిదారు పేలికలు ఒకదాని మీద ఒకటి అతుకు దగ్గర వేశారు. నాలుగు రోజులు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తర్వాత అది తీసి, నేతిలో తడిపిన గుడ్డ వేశారు. అయిదారు రోజులు రోగి వెల్లకిలా పడుకోవాల్సిందే. పదో రోజున ముక్కురంధ్రాలు తెరుచుకుని ఉండేలా మెత్తని గుడ్డముక్కలు దోపారు. దాదాపు 25వ రోజున నుదుటికీ ముక్కుకూ మధ్య మిగిలిన చర్మపు తొడిమెను తెంపారు. ఏ రోజున ఏం చేయాలో ఇంత స్పష్టంగా ఉన్న కాగితం ఇవాళ డిశ్చార్జి అయ్యే రోగి చేతికి అరుదుగా వస్తుంది.

ఆ కాచు తయారయ్యేది సండ్ర చెట్టు చేవ నుంచి. ఆదిలాబాద్ టేకు అడవుల్లో సండ్ర కొత్తదేం కాదు. తాంబూలంలో నోరు పండించే ఆ వగరే రక్తం కారడాన్ని ఆపి, చర్మాన్ని బిగిస్తుంది. పూణే పనివాడికి ఆ గుణం తెలుసు. అలాగని ఇవాళ కుట్ల మీద కాచు పూయమని కాదు. ఎవరైనా పూస్తే సెప్టిక్ అవుతుంది.

ఆ వ్యాసం చదివిన లండన్ సర్జన్ జోసెఫ్ కార్ప్యూ ఏళ్ల తరబడి వాకబు చేసి, 1814 అక్టోబరు 23న ఒక సైనికాధికారి మీద ఆ పద్ధతినే ప్రయోగించి, 1816లో పుస్తకం వేశాడు. 1818లో బెర్లిన్‌లో గ్రేఫె ఇంకో పుస్తకం తెచ్చాడు. ఆ తర్వాత యూరప్ ఈ విద్యను తనదిగా చేసుకుని, శతాబ్దం చివరికల్లా ముక్కు లోపలికి కూడా వెళ్లింది.

ముక్కు లోపల కోయాలంటే ముందు నొప్పి తెలియకూడదు. ఇక్కడ నిజాం రాజ్యానికీ ఒక పేజీ ఉంది. హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పట్టుదలతో 1888లోనూ 1889లోనూ క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు, ఖర్చు నిజాం పెట్టుకున్నాడు. గుండె ఆగిపోవడం గురించి లారీ వాదించింది తప్పేనని తర్వాత తేలింది గానీ, మత్తు మీద అంత పెద్ద పరీక్ష మన నేల మీద జరిగిందన్నది వాస్తవం. ముక్కుకు పనికొచ్చింది మాత్రం 1884లో వియన్నాలో బయటపడ్డ కొకైన్ చుక్కలు. పూసిన చోట తిమ్మిరెక్కి, రక్తం తగ్గేది. ఆ బలంతోనే 1902లో అమెరికాలో ఫ్రీర్, 1904లో జర్మనీలో కిలియన్ వంకర దూలాన్ని లోపలి నుంచే తొలగించే పద్ధతి స్థిరపరిచారు.

కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లకు అవన్నీ అందని మాటలు. పెద్ద దవాఖానా అంటే హైదరాబాదే. 1929లో కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పూర్తయ్యాక పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల వాళ్లకు దారి కాస్త సులువైంది. అడవి పల్లెలకు అదీ లేదు. అంత దూరం వెళ్లినవాడు కోత అవగానే తిరిగి రాలేడు. వార్డులోనే ఉండేవాడు, చాపో చెంబో పట్టుకుని ఇంటి నుంచి ఒకరు తోడుండేవారు.

వార్డు రోజుల్లో పెద్ద భయం ప్యాక్. అంగుళం వెడల్పు గాజుగుడ్డ పట్టీని ద్రవ పారఫిన్‌లోనో, పసుప్పచ్చని బిస్మత్ ముద్దలోనో తడిపి, రెండు రంధ్రాల్లోనూ మడతలు మడతలుగా పైదాకా కూరేవారు. రోగి రెండు రోజులు ముక్కు ఉందన్న సంగతి మరిచి నోటితో బతకాలి. గొంతు ఎండిపోతుంది, మింగితే చెవులు బిగుసుకుంటాయి, కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. మూడో రోజున నర్సు పట్టీ కొస పట్టుకుని లాగడం మొదలుపెడితే అది తెగకుండా వస్తూనే ఉంటుంది. మూరెడో రెండు మూరలో అన్నట్టు. పాత రోగులు ఆపరేషన్ నొప్పి కంటే ఆ లాగుడునే ఎక్కువ చెప్పుకుంటారు. కొత్తగా ఆపరేషన్‌కు సిద్ధమైనవాణ్ని భయపెట్టేది కూడా ఆ కథే.

ఆ ప్యాక్ బాధను తగ్గించింది వెలుగు. 1960 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో హాప్కిన్స్ కడ్డీ కటకాల ఎండోస్కోప్ తెచ్చాడు. ఆస్ట్రియాలో మెసర్‌క్లింగర్ దానితో సైనస్ దారులు చూశాడు, స్టామ్‌బెర్గర్ ఆ పద్ధతిని ప్రచారం చేశాడు, 1985లో అమెరికాలో కెన్నెడీ దానికి నేటి పేరు స్థిరపరిచాడు. కంటికి కనబడే చోట కోస్తే అనవసరమైన గాయం తగ్గుతుంది. దూలం పొరలను కలిపి కుట్టేయడం, పలుచని సిలికాన్ రేకులు పెట్టడం అలవాటయ్యాక చాలామందికి ప్యాకే అక్కర్లేకపోయింది, లేదా ఒక్క రాత్రితో పోయింది. రోగి మర్నాడే ఇంటికి. వార్డు నర్సు చేసిన పనంతా అక్కడి నుంచి ఇంటివాళ్ల మీద పడింది.

ఈలోగా దవాఖానా కూడా దగ్గరికొచ్చింది. 1959లో వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ వచ్చింది. 2000 తర్వాత కరీంనగర్ శివార్లలో నగునూరు, బొమ్మకల్‌లలో ప్రైవేటు మెడికల్ కాలేజీలు, 2008లో ఆదిలాబాద్‌లో రిమ్స్ వచ్చాయి. 2016లో జిల్లాలు విడిపోయాక 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండం, 2023లో కరీంనగర్, నిర్మల్, సిరిసిల్ల, ఆసిఫాబాద్ కాలేజీలు మొదలయ్యాయి. కాలేజీ అంటే చెవి, ముక్కు, గొంతు విభాగం ఉండాల్సిందే.

ఇప్పుడు ఇంటి సంగతి. మొదటి రెండు మూడు రోజులు ముక్కు కింద గాజుగుడ్డ మడత కట్టి ఉంచాలి. పలచని ఎర్రనీరు కారుతుంది, అది మామూలే. తల ఎత్తుగా ఉంటే వాపు తక్కువ. ముక్కు చీదొద్దు. తుమ్ము ఆపుకోవద్దు, నోరు బార్లా తెరిచి తుమ్మాలి. మన ఇళ్లలో ఇది చెప్పినంత తేలిక కాదు. వంటింట్లో ఎండుమిర్చి పోపు పడిందంటే ఇల్లంతా దగ్గే. ఆ పది రోజులూ పోపు బయట పొయ్యి మీద వేసినా, రోగిని ఇంకో ఇంట్లో పడుకోబెట్టినా మంచిదే. ఇక పత్యం. ఆపరేషన్ అంటే చాలు వంకాయ బంద్, పప్పు బంద్, చింతపండు బంద్, చీము పడుతుందట. ముక్కు గాయానికీ వంకాయకూ సంబంధం లేదు. వద్దన్నది వేడి మాత్రమే: పొగలు కక్కే చాయ్, మరిగే చారు, వేన్నీళ్ల తలస్నానం, ఆవిరి పట్టడం. వేడికి నాళాలు తెరుచుకుని రక్తం వస్తుంది. చల్లారిన గట్క, మజ్జిగ, మెత్తటి అన్నం చాలు. బరువులెత్తడం, వంగి ఊడవడం, మలబద్ధకంతో ముక్కడం కూడా వద్దు. నొప్పికి ఇంట్లో ఉన్న ఏ గోలీ పడితే ఆ గోలీ వేసుకోకూడదు. ఆస్పిరిన్ లాంటివి రక్తాన్ని గడ్డకట్టనివ్వవు.

కాలాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. మే నెలలో రామగుండం ఎండకు, చలికాలంలో అయిదు డిగ్రీల దిగువకు పడిపోయే ఆదిలాబాద్ పొడిగాలికి ముక్కులో పక్కులు గట్టిగా కడతాయి. వాటిని గోటితో గిల్లకుండా ఉప్పునీటితో కడగాలి, మరిగించి చల్లార్చిన నీటితో మాత్రమే. ధారగా రక్తం వస్తే తల వెనక్కి వాల్చే పాత అలవాటు మానాలి. ముందుకు వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని పది పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కాలి. అప్పటికీ ఆగకపోయినా, కంటి చుట్టూ వాచి చూపు రెండుగా కనిపించినా, వంగినప్పుడు ఒక పక్క నుంచి నీళ్లలాంటి ద్రవం బొట్లుబొట్లుగా కారినా పొద్దుటిదాకా ఆగకూడదు.

ఇంటి సేవ ఎంత ముఖ్యమో 2021 మేలో అందరికీ తెలిసింది. కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చినవాళ్లకు కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రే రాష్ట్రానికి ప్రధాన కేంద్రమైంది. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్లు దొరక్క జనం అల్లాడారు. ముక్కులో, సైనస్‌లలో కుళ్లిన భాగం తీసేశాక ఇంటికొచ్చినవాళ్లకు నెలల తరబడి గోలీలు, కడగడాలు, అన్నింటికీ మించి షుగర్ అదుపు.

విశ్రాంతికి కూలి ఎవరిస్తారన్న ప్రశ్న మాత్రం ఇంకా తేలలేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదల ఆపరేషన్ ఖర్చును భరించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరు నుంచి ఆరోగ్య ఆసరా కింద కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000కు మించకుండా ఇచ్చారు. సింగరేణి కార్మికుడికి సిక్ లీవు ఉంటుంది. సిరిసిల్లలో మరమగ్గం మీద మీటర్ల లెక్కన సంపాదించేవాడికి ఆ రోజులు ఖాళీ. జగిత్యాలలో బీడీలు చుట్టే ఆమెకు వెయ్యికింత అని కూలి. నాలుగో రోజునే చాట ముందు పెట్టుకుని కూర్చుంటే తంబాకు పొడి నేరుగా కుట్ల మీదికే పోతుంది. చీటీలో ‘దుమ్ముకు దూరం’ అని రాసి ఊరుకునే బదులు డాక్టరు ఆమెను ఏం పని చేస్తావని అడిగితే, ఎన్నాళ్లకు చాట పట్టొచ్చో తేదీ వేసి చెప్పగలడు.