అమ్మ పేరు, వీపు మీద

2016 అక్టోబర్ 29. విశాఖ మధురవాడ స్టేడియంలో న్యూజిలాండ్‌తో ఐదో వన్డే. సిరీస్ 2-2. తీరా చూస్తే ధోనీ వీపు మీద ‘దేవకి’ అని ఉంది. కోహ్లీ వీపు మీద ‘సరోజ్’. మనవాళ్లంతా అమ్మల పేర్లు వేసుకుని దిగారు. ఒక టీవీ చానెల్ ప్రచారంలే అది. ప్రచారమని తెలిసినా చూడ్డానికి బాగుంది. అమిత్ మిశ్రా 18 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు, న్యూజిలాండ్ 79కే చాప చుట్టేసింది.

ఇందులో ఎవరూ పట్టించుకోని తమాషా ఒకటుంది. ఆ రోజు నరక చతుర్దశి. కథ ప్రకారం కొడుకుని చంపింది తల్లే కదా, సత్యభామ భూదేవి అంశ. సరిగ్గా అదే రోజున పదకొండు మంది కొడుకులు అమ్మ పేరు తొడుక్కుని ఆడారు. టీవీవాళ్లు పంచాంగం చూసి ముహూర్తం పెట్టారని మాత్రం అనుకోను.

మూడు నెలలు తిరక్కుండానే, 2017 సంక్రాంతికి, బాలకృష్ణ వందో సినిమా ‘గౌతమీపుత్ర శాతకర్ణి’ వచ్చింది. దర్శకుడు క్రిష్ కూడా తన పేరుని ‘అంజనాపుత్ర క్రిష్’ అని వేసుకున్నాడు. కొన్నాళ్లు మా ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో అందరూ ఎవరో ఒకరి పుత్రులే. ఇంటిపేరు ఎలాగూ నాన్న వైపుది. అమ్మ పుట్టింటి పేరు మనకి అవసరం పడేది బ్యాంకువాడి సెక్యూరిటీ ప్రశ్నకే. ఎవరికీ తెలియదన్న ధీమాతోనే కదా వాడు దాన్ని రహస్యంగా వాడుకుంటాడు!

మరి పంతొమ్మిది వందల ఏళ్ల కిందట మన శాతవాహనులు అంత గొప్పవాళ్లా? గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి అని వింటే అలాగే అనిపిస్తుంది. కొంచెం తవ్వితే సంబరం తగ్గుతుంది. రాజ్యం మాత్రం తండ్రి నుంచి కొడుక్కే వెళ్లేది. పైగా ‘గౌతమి’, ‘వాసిష్ఠి’ సొంత పేర్లు కావు, గోత్రాల నుంచి వచ్చినవి. రాజుకి చాలామంది రాణులున్నప్పుడు ఈయన ఏ రాణి కొడుకో తెలియడానికి పనికొచ్చే గుర్తు. అంటే కొడుకు మోసింది అమ్మ పేరు కూడా కాదు, అమ్మ గోత్రం.

ఆవిడ సొంత పేరు బాలశ్రీ. అది మనదాకా రావడానికి కారణం ఆవిడే. నాసిక్‌లో బౌద్ధ భిక్షువులకి ఒక గుహ దానం చేసి, గోడ మీద శాసనం చెక్కించింది. అప్పటికి కొడుకు లేడు, మనవడు పులుమావి 19వ పాలనా సంవత్సరం. శకుల్ని, యవనుల్ని, పహ్లవుల్ని ఓడించిన కొడుకు ఘనత ఏకరువు పెట్టి, తను ఒక మహారాజుకి తల్లి, ఇంకో మహారాజుకి నాయనమ్మ అని గుర్తుచేసింది. ఏ నాయనమ్మ ఆగుతుంది చెప్పండి? గౌతమీపుత్రుడి విజయాల గురించి చరిత్రకారులకి దొరికిన ముఖ్యమైన ఆధారం ఈ నాయనమ్మ గొప్పలే.

మళ్లీ మధురవాడకి వద్దాం. 2025 అక్టోబర్ 12న మహిళల ప్రపంచకప్‌లో ఇండియా, ఆస్ట్రేలియా మ్యాచ్‌కి ముందు అదే స్టేడియంలో ఒక స్టాండ్‌కి మిథాలీ రాజ్ పేరు, ఒక గేటుకి ఆంధ్రా వికెట్‌కీపర్ రావి కల్పన పేరు పెట్టారు. అడిగింది స్మృతి మంధాన. ఆ రోజు 330 కొట్టీ ఓడిపోయాం, అలిస్సా హీలీ 142 బాదేసింది. నవంబర్లో కప్పు మనకే వచ్చింది కాబట్టి క్షమించేశాను. ఏమాటకామాటే, జెర్సీల కన్నా నాకు ఈ స్టాండే నచ్చింది. ఇక్కడ పేరు ఒకరి కొడుకు ద్వారా రాలేదు. ఆడి తెచ్చుకుంది.

అక్కడి నుంచి గాజువాక మీదుగా దక్షిణానికి వస్తే అచ్యుతాపురం. ఇక్కడి సెజ్‌లో శ్రీలంకవాళ్ల బ్రాండిక్స్ అపారెల్ సిటీ ఉంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వేలమంది ఆడవాళ్లు పొద్దున్నే కంపెనీ బస్సులెక్కి వచ్చి, విదేశీ బ్రాండ్లకి బట్టలు కుడతారు. లేబుల్ మీద బ్రాండ్ పేరుంటుంది, కింద దేశం పేరుంటుంది, ఉతికే నీళ్లు ఎంత వేడిగా ఉండాలో కూడా ఉంటుంది. 2022 జూన్‌లోనూ, మళ్లీ ఆగస్టులోనూ సెజ్‌లో విషవాయువు లీకై వీళ్లలో వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. అప్పుడు వార్తల్లో మనం చదివింది అంకెలే. మొదట ఇంతమంది, సాయంత్రానికి ఇంతమంది, మర్నాటికి ఇంకొంతమంది, అచ్చం స్కోరుబోర్డులాగే.

సాయంత్రం షిఫ్ట్ వదిలాక అచ్యుతాపురం జంక్షన్‌లో నిలబడితే బస్సులు వరసగా వెళ్తుంటాయి. కిటికీల్లోంచి అరుపులు వినిపిస్తాయి: ‘ఒసే లక్ష్మీ’, ‘నూకాలమ్మా, సీటు ఆపే’, ‘పైడితల్లీ, దిగిపో, మీ ఊరొచ్చేసింది’.