కెనడాలో నేల పలకల అరుగుదల

కాళ్ల రాపిడికి నేల పలక పైభాగం మెరుపును, రంగును, చివరకు మందాన్ని కోల్పోవడమే అరుగుదల. కెనడాలో దీన్ని పెంచేది శీతకాలం. మంచు పేరుకున్న దారులపై చల్లే ఇసుక, ఉప్పు బూట్లకు అంటి లోపలికి వస్తాయి. మోస్ కాఠిన్య మానంలో ఇసుకలోని క్వార్ట్జ్ స్థాయి 7, పాలరాతిలోని కాల్సైట్ స్థాయి 3. కాబట్టి ఇసుక పాలరాతిని తేలిగ్గా గీస్తుంది. ఉప్పు సుమారు 2.5 స్థాయిదే. అది గట్టి పలకను గీయలేదు కానీ, తడి ఆరాక తెల్లని మరకలు మిగులుస్తుంది.

1872లో మాంట్రియల్‌లో డొమినియన్ ఆయిల్‌క్లాత్ కంపెనీ ఏర్పడింది. ఆయిల్‌క్లాత్ అంటే నేలపై పరిచే, రంగుపూత వేసిన గుడ్డ; పూత అరిగితే డిజైను పోయేది. అదే కంపెనీ తర్వాత లినోలియం అనే నేలపరుపు తయారీకీ విస్తరించింది. లినోలియంలో రంగు పొర అడుగుదాకా ఉండే రకాలు అరిగినా డిజైను నిలిచేది. రాతి నేలలూ వాడుకలో ఉండేవి: 1927లో ప్రారంభమైన టొరంటో యూనియన్ స్టేషన్ పెద్ద హాలులో టెనెస్సీ పాలరాయి పరిచారు.

ఇటలీలోని ఫ్రియూలీ ప్రాంతం నుంచి వలస వచ్చిన పనివారు టెర్రాజో పనితనాన్ని టొరంటోకు తెచ్చారు. సిమెంటులో పాలరాతి ముక్కలు కలిపి సానబట్టే ఈ నేల తెలుగునాట మొజాయిక్ గచ్చుగా పరిచితం. పైభాగం మాసినా, గీతలు పడినా మళ్లీ సానబట్టి మెరుపు తేవచ్చు. అందుకే రద్దీ ఎక్కువగా ఉండే భవనాల్లో దీనికి ఆదరణ దక్కింది.

20వ శతాబ్దం మధ్యలో ఆస్‌బెస్టాస్ కలిపిన వినైల్ పలకలు చౌకగా, మన్నికగా ఉంటాయని విరివిగా వాడారు. ఆ ఖనిజానికి క్యూబెక్‌లోని థెట్‌ఫర్డ్ మైన్స్ ఒకప్పుడు పేరొందిన కేంద్రం. చెక్కుచెదరని పలకతో ముప్పు తక్కువ. పగిలినా, సానబట్టినా వెలువడే సన్నని పోగులు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. ఆస్‌బెస్టాస్‌ దిగుమతి, అమ్మకం, వినియోగాలపై కెనడా నిషేధం, కొన్ని మినహాయింపులతో, 2018 డిసెంబరు 30న అమల్లోకి వచ్చింది.

ఇప్పటి సిరామిక్ పలకల అరుగుదలను అంతర్జాతీయ ప్రమాణాలతో కొలుస్తారు. గ్లేజు (గాజులాంటి పూత) పూసిన పలకలకు ఐఎస్ఓ 10545-7 వర్తిస్తుంది. ఉక్కు గుండ్లు, కురువిందం పొడి, నీటితో పలకపై రాపిడి కలిగించి, ఎన్ని చుట్లకు మార్పు కంటికి కనబడుతుందో చూస్తారు. 12,000 చుట్ల తర్వాతా మార్పు కనబడక, మరక పరీక్షలోనూ నెగ్గితే అది 5వ తరగతి. గ్లేజు లేనివాటికి ఐఎస్ఓ 10545-6 ప్రకారం తిరిగే చక్రం కోసిన గాడి పరిమాణాన్ని లెక్కిస్తారు. పోర్సిలిన్‌కు గరిష్ఠ పరిమితి 175 ఘన మిల్లీమీటర్లు. గ్లేజు లేని పోర్సిలిన్‌లో రంగు పలక అంతటా ఉంటుంది గనుక, కొంత అరిగినా తేడా బయటపడదు. ఎంత గట్టి పలక వేసినా, గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టాలు పరిచి, ఇసుకను తరచూ ఊడ్చేస్తేనే దాని మన్నిక పూర్తిగా దక్కుతుంది.