హంగుల పట్టిక

కొత్తవాడలో అడుగిడినవారికి నేటికిని మగ్గముల చప్పుడు వినవచ్చును. వెనుకటివలె ప్రతి యింటినుండి కాకపోయినను, వినవచ్చును. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనమునకు వరంగల్లు తివాచీలు వెళ్లినవి. 2018లో వరంగల్లు జంఖానాలకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇంతటి చరిత్రగల చోటికి మేము పోయిన పని మాత్రము చిన్నది: ఇంట జరుగనున్న శుభకార్యమునకై ఒక జంఖానా నేయింపవలెనని.

మా చేతిలో ఒక కాగితముండెను. నీలము నేల, ఎర్రని అంచు, నడుమ చుక్కల పని - అన్నియు వరుసగా వ్రాసికొని పోతిమి. ఆ వృద్ధ నేతగాడు కాగితమువైపు చూడనైన చూడక, "ముందుగాల ఇది చెప్పుండ్రి సారూ, దీని మీద కూసుంటరా, పండుకుంటరా, గోడకు కడ్తరా?" అని అడిగెను. పదిమంది కూర్చుండుటకైనచో పేక మందముగా ఉండవలెనట. గోడకైనచో బరువు తగ్గవలెనట. ఎంత పొడవు, ఎంత వెడల్పు అనునది రెండవ ప్రశ్న. మా నీలము వంతు మూడవదిగా వచ్చినది.

అదే వారమున అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మా మేనల్లునినుండి ఒక ఉత్తరము వచ్చెను. టాపు వెనుకకు మడుచుకొనునట్టి, మిక్కిలి వేగముగల కొత్త కారు నొకదానిని అతడు కొనదలచినాడు. బండి ధర ఒక యెత్తు. ఆపైన కోరుకొనవలసిన హంగుల పట్టిక నాలుగు పుటలు. చక్రములలో ఆరు రకములు, ఆసనముల తోలులో తొమ్మిది రంగులు, కుట్టు దారమునకు వేరుగ మరికొన్ని. "మామయ్యా, ఇందులో ఏవి ఉంచమంటారు, ఏవి కొట్టేయమంటారు?" అని అడిగినాడు. సైకిలు తప్ప వేరొండు వాహనమును నమ్మి ఎరుగని మమ్ము అడుగుట వింతయే. అయినను చరిత్ర చదివినవారము గనుక, ఈ హంగుల కథ ఎక్కడ మొదలైనదో వెదకి చూచితిమి. దానిలో ఒక మంచి ఘట్టము మన హైదరాబాదులోనే దొరకినది.

మోటారు బండ్లు పుట్టిన కొత్తలో గొప్ప కంపెనీలు పూర్తి బండిని అమ్మెడివి కావు. ఇంజను, చక్రములు, వానిని మోయు ఇనుప చట్రము - దీనినే చాసీ అందురు - ఇంతవరకే వారి పని. పై కట్టడమంతయు కొనువాని కోరికనుబట్టి వేరొకరు చేయవలెను. ఇంగ్లండులో ఈ పని చేసినవారు అంతకు పూర్వము గుఱ్ఱపు బగ్గీలు కట్టినవారే. రోల్స్ రాయిస్ కంపెనీ రెండవ ప్రపంచ యుద్ధము ముగియువరకును చాసీలనే అమ్మినది. కనుక ఆనాడు ధనవంతునకు హంగులు కోరుకొనుట యనగా పట్టికలో గీతలు పెట్టుట గాదు; బండినంతటిని తన మనస్సులో కట్టుకొనుట.

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ అట్లే కట్టుకొనెను. ఆయన కోరిన బండి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. పై కట్టడము లండనులోని బార్కర్ వారిది. రంగు పసుపు, అనగా అసఫ్‌జాహీ పతాకపు రంగు. పైకప్పు గుమ్మటమువలె ఎత్తైనది. వెనుక భాగమున నిజామునకు సింహాసనమువంటి ఎత్తైన ఆసనము. పరిజనులకు చిన్న పీటలవంటి ఆసనములు. దారిలో నిలిచిన ప్రజలకు ప్రభువు కనబడవలె ననునదియే ఈ ఎత్తునకు కారణమని మాకు తోచుచున్నది. ఏనుగు మీది అంబారీ ఏ పని చేసెనో ఆ పనినే ఈ ఆసనమును చేయవలసియుండెను. ఆ దృష్టితో చూచినచో దీనిని వట్టి డాబు అని కొట్టివేయ వీలులేదు. ఏనుగు వచ్చు దారిలో మోటారు రావలెనన్నచో ఏనుగు తెచ్చిన గౌరవమునుగూడ వెంట తేవలెను గదా!

కాని 1911 ఆగస్టు 29వ తేదీన, నలుబదియైదవ యేట, మహబూబ్ అలీ ఖాన్ మరణించెను. బండి వచ్చి చేరునప్పటికి గద్దెపై ఉన్నవాడు ఆయన కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్. ఒకరు కోరిన ఆసనముపై మరియొకరు కూర్చుండవలసి వచ్చెను. ఆ బండి నేడు హైదరాబాదు చౌమహల్లా భవనమున ఉన్నది. అది మొత్తము పరుగెత్తినది 356 మైళ్లు మాత్రమేయని చెప్పుదురు. హైదరాబాదునుండి వరంగల్లుకు రెండు మారులు వచ్చిపోయినచో ఇంచుమించు అంత దూరమగును. ఈ సిల్వర్ ఘోస్ట్ జాతి బండియే 1907లో జరిగిన పరీక్షలో 14,371 మైళ్లు ఎక్కడను తనంతట ఆగక పరుగెత్తి పేరు గన్నది! ఆ ఇంజను చేయగల పనిని హైదరాబాదులో దానినెవ్వరును అడుగలేదు.

రాజుల సంగతి అట్లుండగా, సామాన్యుని బండిలో హంగు లనగా ఏమి? 1908లో హెన్రీ ఫోర్డు తెచ్చిన మోడల్ టీ బండి ధర మొదట 850 డాలర్లు. ఆ ధరకు ముందరి అద్దము రాదు, టాపు రాదు, ముందరి పెద్ద దీపములు రావు. అవన్నియు అదనము. వానలో తడియకుండుటయు, చీకటిలో దారి కనబడుటయు ఆనాడు కోరుకొనవలసిన హంగులు! నేడు ఈ మాట వినిన నవ్వు వచ్చును గాని, నేడు మనము అదనమని చదువుచున్న వానిలో ఎన్ని రేపటివారిని నవ్వించునో చెప్పలేము. ఫోర్డు వారు 1914 మొదలు 1925 వరకు ఆ బండిని నల్లరంగులోనే ఇచ్చిరి. ధర తగ్గినది, కోరిక కరవైనది. రంగులు, రకములు చూపిన జనరల్ మోటార్సు వారు ఆ సందున ముందుకు వచ్చిరి.

రేడియో గల యిండ్లవారికి ఇక్కడ ఒక ముచ్చట చెప్పక తప్పదు. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరులు మోటరోలా అను పేరుతో కారు రేడియోను అమ్మకమునకు తెచ్చిరి. నూరు డాలర్లకు పైబడిన ధర. ఆనాడు చిన్న కారు ధరలో అది అయిదవ వంతునకు దగ్గర. దానిని అమర్చుట తేలిక గాని పని. ఇంజను రేపు మంటల చిటపటలన్నియు రేడియోలో వినబడెడివి. వానిని అణచుటకు వేరు ఏర్పాటు కావలెను. అంత శ్రమపడియైనను జనులు దానిని కోరిరి. ఒంటరి ప్రయాణములో పక్కనొక గొంతు వినవచ్చుటకన్న గొప్ప హంగు లేదని మా నిశ్చితాభిప్రాయము. ఇది మా వృత్తి పక్షపాతమని అనదలచినవారు అనవచ్చును.

ఇక మా మేనల్లుడు కోరు జాతి బండ్లు, అనగా టాపు తీసి పరుగెత్తించు బండ్లు. 1948 అక్టోబరులో లండను మోటారు ప్రదర్శనమున జాగ్వార్ వారి ఎక్స్‌కే 120 ప్రజల కంటబడెను. గంటకు 120 మైళ్లు పోగలదని దాని పేరే చాటినది. మరుసటి యేడు బెల్జియములో జబ్బెక అను ఊరివద్ద, వాహనములు లేని రహదారిపై, ఆ బండి 132 మైళ్లకు మించిన వేగము చూపినది. ఆ పరుగునకు ముందరి పెద్ద అద్దము తీసివేసి చిన్న అద్దము పెట్టిరి. కొనువారెవరైనను కోరుకొనదగిన వేరు గేరు నిష్పత్తిని వాడిరి. అనగా పట్టికలో ఒక పంక్తి గాలి కోతను మార్చెను, ఒక పంక్తి వేగమును మార్చెను.

ఆ బండిలోనే మరియొక సంగతి కలదు. వెనుక చక్రములను సగము కప్పు రేకులు దాని అందములో భాగము. తరువాత సైకిలు చక్రములవలె సన్నని తీగెల చక్రములను గూడ కోరుకొనవచ్చునని ప్రకటించిరి. కాని ఆ చక్రముల నడుమ బిగించు చెవుల మర వెలుపలికి పొడుచుకొని వచ్చును. రేకు తగిలింప చోటుండదు. తీగెల చక్రము కావలెనన్న రేకును వదలుకొనవలెను. రెండును అందమైనవే, రెండును ఒకే బండిపై నిలువవు. పట్టికలో ఈ మాట పెద్ద అక్షరములలో ఉండదు.

1954లో వచ్చిన పోర్షె స్పీడ్‌స్టర్ వేరు దారి పట్టినది. అమెరికాలో దాని ధర మూడువేల డాలర్లకు అయిదు తక్కువ. ఆ అంకె నిలుపుటకై హీటరును, ఇంజను నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగుచున్నదో చూపు మీటరును అదనపు హంగులలోనికి నెట్టిరి. పదేండ్ల పిమ్మట, 1964 ఏప్రిలు 17న, ఫోర్డు వారు మస్టాంగును విడుదల చేసి ఈ విద్యను పరాకాష్ఠకు చేర్చిరి. మూలధర 2,368 డాలర్లు. ఆ ధర చూచి వచ్చినవాడు పెద్ద ఇంజను, నాలుగు గేర్లు, రేడియో, తనంతట మడుచుకొను టాపు అనుచు ఒక్కొక్కటిగా చేర్చుకొనుచు పోవును. రెండేండ్లలోపుననే పదిలక్షల బండ్లు తయారైనవి. వాకిటిలో తక్కువ ధర పలికి, లోపలికి వచ్చినవానికి పట్టిక చేతికిచ్చుట నాటినుండి పెద్ద వ్యాపారమైనది.

ఇంతవరకు ముచ్చటగానే ఉన్నది. మాకు ముచ్చట గొలుపని పుట యొకటి ఈ చరిత్రలో కలదు. 1956 సంవత్సరపు బండ్లలో ఫోర్డు వారు ప్రాణరక్షణకై కొన్ని ఏర్పాట్లు చేసిరి. లోతైన స్టీరింగు చక్రము, విడివడని తలుపు గడియలు అందరికి ఇచ్చిరి; నడుము పట్టీ మాత్రము డబ్బిచ్చి కోరుకొనవలెను. 1959లో వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ నడుమును భుజమును కలిపి పట్టు మూడు కొసల పట్టీని రూపొందించెను. ఆ కంపెనీ దానిని ఇతరులును వాడుకొనవచ్చుననెను. అమెరికాలో కొత్త కార్లకు పట్టీలు తప్పనిసరి యైనది 1968లో. ఈ నడిమి సంవత్సరములలో ఎందరు ఆ పంక్తిని కొట్టివేసి, ఆ డబ్బుతో తెల్ల అంచు టైర్లు కొనిరో!

మన దేశమును చూతము. డ్రైవరు ముందు ఉబ్బి ప్రాణము కాపాడు గాలిసంచి కొత్త కార్లలో తప్పనిసరి యైనది 2019లో. అంతకు పూర్వము చిన్న కార్లలో పెక్కింట అది ఖరీదైన రకమునకు మాత్రమే దక్కెడిది. వాద్యపు పెట్టె, చక్రపు మెరుగు, గాలిసంచి - మూడును ఒకే కట్టలో ధర కట్టి అమ్మిరి. సిల్వర్ ఘోస్టులోని ఎత్తైన ఆసనముకన్న ఇది మాకు ఎక్కువ బాధ కలిగించినది.

టాపులేని బండికి ఈ ప్రశ్న మరియు కఠినము. బండి పల్టీ కొట్టినచో తలపై ఆపునది లేదు. 1989లో మెర్సిడిస్ వారి ఎస్ఎల్ బండిలో, పల్టీ సూచన కనబడగనే తనంతట లేచి నిలుచు ఉక్కు కమాను వచ్చినది. దానిని వారు కోరినవారికని గాక అందరికి ఇచ్చిరి.

ఈ చరిత్రనంతటిని మా మేనల్లునికి వ్రాసి, చివర నేతగాని ప్రశ్ననే అడిగితిమి: ఆ బండి ఎక్కడ నడచును? సమాధానము వచ్చినది. ఇంటినుండి ఆఫీసుకు పదకొండు మైళ్లు, ఆదివారములు సముద్రపు ఒడ్డుకు. పందెపు దారికి పనికివచ్చు గట్టి స్ప్రింగులను అతడు కొట్టివేసినాడు. మంచి బ్రేకులను ఉంచినాడు. పల్టీ కమాను బండితోనే వచ్చునట. తోలు రంగు విషయమున మాత్రము ఇంకను తేలలేదు. ఇంటావిడ మాట వేరుగ నున్నదట. వెల హెచ్చైన రేడియో పెట్టెను మొదటనే కొట్టివేసినాడు. అందుపై మరియొక ఉత్తరము వ్రాయక తప్పలేదు.

నెల దాటిన పిమ్మట జంఖానాకై కొత్తవాడకు పోతిమి. విప్పి పరచి చూడగా మేము వ్రాసియిచ్చిన నీలము కాదు. దానికన్న రెండు మెట్లు ముదురు. ప్రశ్నార్థకముగా చూచితిమి. "పెండ్లికి ఎందరి కాళ్లు పడ్తయో సారూ, మీరు రాసిన రంగైతే ఆ దినమే మాస్తది" అని ఆ పెద్దాయన చెప్పెను. బయానా పోను మిగిలిన పైకము తీసికొనెను. ముదురు రంగునకు అదనమేమియు అడుగలేదు. అంచు మాత్రము మేము కోరిన ఎరుపే.