రివర్‌సైడ్ పుల్పిట్ మీద ఎనిమిది మంది

న్యూయార్క్ మన్‌హాటన్‌లో, హడ్సన్ నది ఒడ్డున, 122వ వీధి దగ్గర రివర్‌సైడ్ చర్చి ఉంది. అన్ని శాఖల క్రైస్తవులదీ, అన్ని జాతులదీ, అన్ని దేశాలదీ తమ సంఘమని వాళ్లు చెప్పుకుంటారు. 392 అడుగుల గోపురం, అందులో 74 గంటలు, ఫ్రాన్సులోని షార్త్ర్ కెథీడ్రల్‌ను తలపించే కట్టడం. వీటి గురించి చాలామంది రాశారు. నాకు ఆసక్తి కలిగించేది ఆ సంఘానికి వరసగా వచ్చిన పాస్టర్ల చరిత్ర. 1930లో తలుపులు తెరిచినప్పటి నుంచి ఇప్పటికి ఎనిమిది మంది సీనియర్ పాస్టర్లు అయ్యారు. ఈ వరసలో ఒకే తగువు వేషం మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తుంది. పుల్పిట్ ఎవరిది? డబ్బిచ్చినవారిదా, నిలబడి మాట్లాడేవారిదా, ఎదురుగా కూర్చుని వినేవారిదా?

ఈ సంఘం మూలం ఫిఫ్త్ అవెన్యూ బాప్టిస్ట్ చర్చి. చమురు సామ్రాజ్యాధిపతి రాక్‌ఫెల్లర్ కుటుంబం అక్కడి సభ్యులు. కొడుకు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ అక్కడే మగవాళ్ల బైబిల్ తరగతి నడిపేవారు. అప్పటికే ఆ సంఘం బయటి దేశాల నుంచి బోధకులను పిలిపించుకోవడం నేర్చుకుంది. 1907లో ఇంగ్లండులోని లివర్‌పూల్ నుంచి చార్లెస్ ఏకెడ్ వచ్చి నాలుగేళ్లు పనిచేశారు. తర్వాత కొర్నీలియస్ వుల్ఫ్‌కిన్ హయాంలో, 1922లో, సంఘం పార్క్ అవెన్యూకు మారింది.

సరిగ్గా అదే ఏడాది నగరంలో మరోచోట ఒక ప్రసంగం అమెరికా ప్రొటెస్టెంట్లను రెండుగా చీల్చింది. హ్యారీ ఎమర్సన్ ఫాస్‌డిక్ పేరుకు బాప్టిస్టు, బోధించేదేమో ఫస్ట్ ప్రెస్బిటేరియన్ చర్చిలో. 1922 మే 21న ఆయన 'ఛాందసులు గెలుస్తారా' అన్న అర్థం వచ్చే శీర్షికతో ప్రసంగించారు. బైబిలులో ప్రతి అక్షరం దోషరహితమని, కన్య గర్భాన్ని అక్షరాలా నమ్మాలని పట్టుబట్టేవారు తక్కిన క్రైస్తవులను సంఘం నుంచి వెళ్లగొట్టకూడదన్నది ఆయన వాదన. దాన్ని రాక్‌ఫెల్లర్ దగ్గర ప్రచార వ్యవహారాలు చూసే ఐవీ లీ అచ్చువేయించి దేశమంతటా పాదుర్లకు పంపించారు. లక్షా ముప్పై వేల ప్రతులు వెళ్లాయంటారు. ఇంకేముంది, అధ్యక్ష పదవికి మూడుసార్లు పోటీచేసి ఓడిన విలియం జెన్నింగ్స్ బ్రయన్ దగ్గర నుంచి ఫిలడెల్ఫియా పాస్టరు క్లారెన్స్ మెకార్ట్నీ దాకా అందరూ ఆయన మీద పడ్డారు. ఆయన పక్షాన వాదించినవారిలో జాన్ ఫాస్టర్ డల్లస్ ఉన్నారు, తర్వాతి కాలంలో ఐజన్‌హవర్ విదేశాంగ మంత్రి ఆయనే. చివరకు ప్రెస్బిటేరియన్ సభ ఒక షరతు పెట్టింది: మా శాఖలో చేరు, మా విశ్వాస ప్రమాణానికి లోబడు. ఫాస్‌డిక్ ఒప్పుకోలేదు. రాజీనామా ఇచ్చి బయటికొచ్చేశారు.

పార్క్ అవెన్యూ సంఘానికి పాస్టరుగా రమ్మని రాక్‌ఫెల్లర్ పిలిచినప్పుడు ఫాస్‌డిక్ ముందు వెనకాడారు. దేశంలో అతి పెద్ద ధనికుడి చర్చికి పాస్టరుగా పేరు పడటం ఇష్టం లేక ఆ మాటే ఆయన మొహాన అనేశారు. నా డబ్బు వల్ల మీకొచ్చే నింద ఎక్కువా, మీ సిద్ధాంతం వల్ల నాకొచ్చే నింద ఎక్కువా అని రాక్‌ఫెల్లర్ ఎదురడిగారట. ఈ ముచ్చట ఫాస్‌డిక్ చెప్పినదే. 1925లో ఆయన ఒప్పుకున్నారు కానీ షరతులు పెట్టారు. సభ్యత్వానికి నీటిలో మునిగి పొందే బాప్తిస్మమే కావాలని పట్టుబట్టకూడదు. చర్చి ఏ ఒక్క శాఖకూ కట్టుబడకూడదు. కొలంబియా విశ్వవిద్యాలయం దగ్గర పెద్ద కట్టడం లేవాలి. తన జీతం ఏడాదికి 5,000 డాలర్లు దాటకూడదు.

మొదటి షరతు మన తెలుగు బాప్టిస్టులు వింటే నోరు తెరుస్తారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి ముంచి బాప్తిస్మమిచ్చిన సంఘటన ఒంగోలు చరిత్రలో నేటికీ చెప్పుకుంటారు. ఆ పని చేయించిన జాన్ క్లౌ అమెరికన్ బాప్టిస్టు మిషనరీయే. అదే శాఖకు చెందిన న్యూయార్కు సంపన్న సంఘం యాభై ఏళ్లు తిరక్కుండా ముంచడం తప్పనిసరి కాదని తీర్మానించుకుంది. నాకు మాత్రం నాలుగో షరతే అన్నిటికన్నా ఆసక్తిగా ఉంటుంది. జీతం తక్కువ తీసుకుంటే మాట మీద పట్టు ఎక్కువ ఉంటుందని ఫాస్‌డిక్‌కు తెలుసు. ఈ లెక్క దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత తిరగబడి సంఘాన్నే కుదిపేసింది. అక్కడికి తర్వాత వస్తాను.

కట్టడం సాగుతుండగా 1928 డిసెంబరులో సారువలకు నిప్పంటుకుని చాలా నష్టమైంది. పార్క్ అవెన్యూ భవనం అప్పటికే అమ్మేశారు కాబట్టి కొంతకాలం ఈ సంఘం యూదుల టెంపుల్ బెత్ ఎల్‌లో ఆరాధనలు జరుపుకుంది. 1930 అక్టోబరు 5న కొత్త చర్చిలో మొదటి ఆరాధన జరిగింది. ఆ మర్నాడు వెలువడిన టైమ్ పత్రిక ముఖచిత్రం మీద ఫాస్‌డిక్ ఉన్నారు. పడమటి ద్వారం మీది శిల్పాల్లో మోషేతో పాటు బుద్ధుడు, కన్ఫ్యూషియస్, మహమ్మదు, ఇంకా డార్విన్, ఐన్‌స్టీన్ ఉన్నారు. ఐన్‌స్టీన్ అప్పటికి బతికే ఉన్నారు. ఆ డిసెంబరులోనే వెళ్లి రాతిలో ఉన్న తనను తాను చూసుకున్నారు.

ఫాస్‌డిక్ గొంతు చర్చి గోడలు దాటి రేడియోలో దేశమంతా వినబడేది. ఒకప్పుడు, 1917లో, ఆయన యుద్ధాన్ని సమర్థిస్తూ పుస్తకం రాశారు. 1933 నవంబరులో 'ది అన్‌నోన్ సోల్జర్' అనే ప్రసంగంలో ఆ తప్పు నెత్తిన వేసుకుని, ఇక ఏ యుద్ధాన్నీ సమర్థించనని ఒట్టు పెట్టుకున్నారు. రెండో ప్రపంచయుద్ధంలోనూ ఆ ఒట్టు తప్పలేదు. దాన్ని మెచ్చనివారు సంఘంలోనే ఎందరో ఉండి ఉంటారు. అయినా ఎవరూ ఆయన్ని దింపలేదు. 1946లో, 68వ ఏట, తనంతట తానే దిగారు.

తర్వాత వచ్చిన రాబర్ట్ మెక్రాకెన్ గురించి ఎవరూ ఎక్కువ రాయరు. స్కాట్లండులో పుట్టి, కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ ఉన్నవారు. ఫాస్‌డిక్ కోసమే కట్టిన చర్చిలో ఫాస్‌డిక్ కాని మనిషిగా 21 ఏళ్లు నిలబడటం చిన్న పని కాదు. మహావృక్షం కింద మొక్క ఎదగదంటారు. మెక్రాకెన్ తనకు దొరికిన వెలుగులోనే పెరిగారు. 1961లో చర్చి సొంత ఎఫ్ఎం స్టేషన్ డబ్ల్యూఆర్‌వీఆర్ మొదలైంది, తర్వాతి కాలంలో అది జాజ్ సంగీతానికి పేరు పొందింది. మార్టిన్ లూథర్ కింగ్ ఆ పుల్పిట్ మీద పలుమార్లు బోధించారు. 1967 ఏప్రిల్ 4 రాత్రి మూడు వేల మందికి పైగా జనం ముందు కింగ్ వియత్నాం యుద్ధాన్ని తెగనాడింది ఇక్కడే. ఆ సభ పెట్టింది యుద్ధ వ్యతిరేక మతగురువుల బృందం. కింగ్ సన్నిహితులే కొందరు ఆ ప్రసంగం వద్దన్నారు, పెద్ద పత్రికలు తర్వాతి రోజుల్లో ఆయన్ని దుమ్మెత్తి పోశాయి. సరిగ్గా ఏడాదికి, అదే తేదీన, మెంఫిస్‌లో కింగ్ హత్య జరిగింది. మెక్రాకెన్ పదవి ముగిసింది 1967లోనే.

మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్ నుంచి 1968లో వచ్చిన ఎర్నెస్ట్ క్యాంప్‌బెల్ ప్రెస్బిటేరియన్. ఫాస్‌డిక్‌ను వదులుకున్న శాఖ మనిషి ఫాస్‌డిక్ స్థానంలోకి రావడం చరిత్ర చేసిన చిన్న కొంటెపని. ఆయన వచ్చిన మరుసటి ఏడు, 1969 మే 4 ఆదివారం, ఆరాధన మధ్యలో నల్లజాతి ఉద్యమనేత జేమ్స్ ఫోర్మన్ ముందుకు నడిచి వచ్చి బ్లాక్ మానిఫెస్టో చదవడం మొదలుపెట్టారు. బానిసత్వపు పాపానికి పరిహారంగా శ్వేత జాతీయుల చర్చిలు, యూదుల సినగాగులు 50 కోట్ల డాలర్లు చెల్లించాలన్నది అందులోని ముఖ్యమైన డిమాండు. రివర్‌సైడ్‌ను ప్రత్యేకంగా ఎంచుకోవడానికి కారణం చెప్పనక్కరలేదు: రాక్‌ఫెల్లర్ డబ్బు, పక్కనే నల్లజాతివారు ఎక్కువగా ఉండే హార్లెం. క్యాంప్‌బెల్, సంఘంలో చాలామంది లేచి బయటికి వెళ్లిపోయారు. ఇలాంటివి మళ్లీ జరగకుండా చర్చి కోర్టు నుంచి ఆదేశం తెచ్చుకుంది కూడా.

క్యాంప్‌బెల్‌ను చరిత్రలో నిలబెట్టింది ఆ వాకౌట్ కాదు. కొద్ది వారాల్లోనే అదే పుల్పిట్ మీద నిలబడి, నష్టపరిహారం అడగడం న్యాయమేనని, పశ్చాత్తాపానికి చెల్లింపు కూడా భాగమని ఆయన బోధించారు. లేచిపోయిన మనిషి తిరిగి వచ్చి అవతలివాడి వాదనను తనదిగా చెప్పడం పాస్టర్లలో అరుదు. సంఘం సామాజిక న్యాయానికి మూడేళ్లలో నాలుగున్నర లక్షల డాలర్ల నిధి ఏర్పాటు చేసింది. అడిగినదానితో పోలిస్తే అది నలుసంత. కానీ కింద కూర్చున్నవారు, బయటి నుంచి వచ్చినవారు కూడా పుల్పిట్‌ను ప్రశ్నించగలరని ఆ ఆదివారం తేలిపోయింది.

1976లో క్యాంప్‌బెల్ వెళ్లాక తాత్కాలికంగా పాస్టరైన జిత్సువో మొరికావా పేరు జాబితాల్లో ఎనిమిది మందిలోకి చేరదు. కెనడాలో జపాన్ వలసదారుల బిడ్డగా పుట్టి, యుద్ధకాలంలో జపనీయ అమెరికన్లను బంధించిన శిబిరంలో ఉండి వచ్చిన బాప్టిస్టు. అంతర్జాతీయ చర్చి అన్న పేరుకు న్యాయం జరిగిన ఏడాది అదేనేమో.

విలియం స్లోన్ కాఫిన్ (1977–1987) గురించి చెప్పకుండా ఉండలేం. గొప్పింటి బిడ్డ, ఒకప్పుడు సీఐఏ ఉద్యోగి, యేల్ విశ్వవిద్యాలయ చాప్లెయిన్, 1961లో జాతి వివక్షకు వ్యతిరేకంగా బస్సుల్లో సాగిన ఫ్రీడమ్ రైడ్స్‌లో అరెస్టయినవారు. సైన్యంలో చేరవద్దని యువకులకు చెప్పినందుకు పిల్లల డాక్టరు స్పాక్‌తో పాటు 1968లో కోర్టు బోనెక్కారు. రెండో యుద్ధం ముగిశాక సైనికాధికారిగా రష్యన్ బందీలను బలవంతంగా సోవియట్లకు అప్పగించే పనిలో ఉన్నందుకు జీవితాంతం కుమిలిపోయారు. రివర్‌సైడ్‌ను అణ్వాయుధ వ్యతిరేక కేంద్రంగా మార్చారు. 1979 క్రిస్మస్‌కు టెహ్రాన్ వెళ్లి, అక్కడి అమెరికా రాయబార కార్యాలయంలో పట్టుబడిన బందీలతో ఆరాధన జరిపారు.

కానీ ఆయన ప్రసంగాల్లో ఎక్కువమంది చదివింది రాజకీయాల మీద కాదు. 1983 జనవరిలో ఇరవైల్లో ఉన్న కొడుకు అలెగ్జాండర్ బోస్టన్‌లో కారు నీటిలో పడి చనిపోయాడు. పది రోజులకే కాఫిన్ పుల్పిట్ ఎక్కి, ఇది దేవుడి చిత్తమన్న ఓదార్పును కోపంగా తోసిపుచ్చారు. బిడ్డను పోగొట్టుకున్నవారికి 'దేవుడు తీసుకున్నాడు' అని చెప్పడం మన సంఘాల్లోనూ అలవాటే కాబట్టి, ఆ ప్రసంగం మన పాస్టర్లు చదివితే మంచిది.

ఆయన హయాంలో మరో మథనం. 1985లో సహ పాస్టరు చానింగ్ ఫిలిప్స్ స్వలింగ సంబంధాలకు వ్యతిరేకంగా బోధించినప్పుడు సభలో నిరసన రేగింది. కొద్ది వారాల్లో స్వలింగ సంపర్కులను సంఘంలో పూర్తిగా ఆహ్వానించే ప్రకటనను సభ్యులు ఆమోదించారు. బోధ పుల్పిట్ నుంచి కాక బెంచీల నుంచి వచ్చింది.

1989లో వచ్చిన జేమ్స్ ఫోర్బ్స్ తొలి నల్లజాతి సీనియర్ పాస్టరు. పెంతెకొస్తు నేపథ్యం, పక్కనే ఉన్న యూనియన్ సెమినరీలో ప్రసంగ కళ బోధించే ఆచార్యులు. చప్పట్లు, ఆత్మావేశం ఒకవైపు, గంభీరమైన ఆర్గన్ సంగీతం మరోవైపు. ఈ రెంటినీ ఒకే ఆరాధనలో ఇమడ్చడానికి 18 ఏళ్లు శ్రమించారు, అందరూ సంతోషించలేదు. 1990 జూన్‌లో చెర నుంచి బయటపడి కొద్ది నెలలే అయిన నెల్సన్ మండేలాను స్వాగతించింది ఆయన హయాంలోనే. 2000లో ఫిడెల్ కాస్ట్రో ఇక్కడ మాట్లాడినప్పుడు విమర్శలూ వచ్చాయి.

ఇక మొదట చెప్పిన జీతం సంగతి. ఫోర్బ్స్ తర్వాత 2008లో ఎన్నికైన బ్రాడ్ బ్రాక్స్టన్ యువ పండితుడు. ఆయనకిచ్చే సౌకర్యాలన్నీ కలిపితే ఏడాదికి 6 లక్షల డాలర్లు దాటుతున్నాయని సంఘంలోని ఒక వర్గం కోర్టుకెక్కింది. జీతం రెండున్నర లక్షలేనని పెద్దలు సమాధానం చెప్పారు. న్యాయస్థానం పదవీ స్వీకారాన్ని ఆపలేదు. అయినా 2009 జూన్‌లో, ఎన్నికైన తొమ్మిది నెలలకే, ఆయన రాజీనామా చేశారు. జీతం ఒక్కటే కారణమనుకోను. బోధ, ఆరాధన పద్ధతి మీద అసమ్మతి కూడా ఉంది. కానీ ఫాస్‌డిక్ ఎందుకు ముందే తన జీతానికి గిరి గీసుకున్నారో ఆ తొమ్మిది నెలలు చూస్తే అర్థమవుతుంది.

మన దగ్గర సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) బిషపు గారు బదిలీ చేస్తే పాస్టరు వెళ్తారు. స్వతంత్ర సంఘాల్లో చాలాచోట్ల తండ్రి తర్వాత కొడుకో అల్లుడో వస్తారు. రివర్‌సైడ్‌లో బదిలీ లేదు, వారసత్వం లేదు. అన్వేషణ కమిటీ వెతుకుతుంది, సభ్యులు ఓటేస్తారు. ఓటేసినవారే తగువుకూ దిగుతారు. ఈ పద్ధతికి ఖరీదు ఎక్కువ, మధ్యలో ఖాళీ ఏళ్లూ ఎక్కువ. అయినా దీన్నే నేను మెచ్చుకుంటాను, ఎందుకంటే ఇక్కడ పాస్టరు జీతాన్నీ మాటనూ సంఘం బహిరంగంగా ప్రశ్నించగలదు.

2014లో ఏమీ బట్లర్ తొలి మహిళా సీనియర్ పాస్టరయ్యారు. 2019లో ఆమె ఒప్పందం పొడిగించకుండానే ముగిసింది. మూడేళ్ల మధ్యకాలం తర్వాత 2022లో బ్రూక్లిన్ ఫస్ట్ ప్రెస్బిటేరియన్ చర్చి నుంచి ఏడ్రియన్ థార్న్ వచ్చారు. పాస్టరు కాకముందు ఆమె డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెంలో నర్తకి. రాక్‌ఫెల్లర్ ఇష్టప్రకారం మొదలైన ఆ పుల్పిట్ మీద తొలి 57 ఏళ్లలో నిలిచిన నలుగురు సీనియర్ పాస్టర్లూ తెల్ల మగవాళ్లే. 1989 నుంచి ఇప్పటిదాకా సంఘం ఎన్నుకున్న నలుగురిలో ఒక్క తెల్ల మగవాడూ లేడు.