ఎక్స్ కంటే ముందు రంగు కర్రలు

బీజగణితం ఆరో తరగతిలో ఎక్స్‌తో పాటే పుడుతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. ఆక్లాండ్‌కు దక్షిణాన టకానినిలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. ఇక్కడి తెలుగు తల్లులదీ అదే మాట: "ఆరేళ్ల పిల్లకు ఆల్జీబ్రా ఏమిటి పిన్నిగారూ?" ప్రకాశం జిల్లాలో ఒకటో తరగతికీ రెండో తరగతికీ పాఠాలు చెబుతూ రిటైరైనదాన్ని కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. దానికి జవాబు కూడా ఇవాళ్టిది కాదు, డెబ్బై ఏళ్లు దాటింది.

బెల్జియంలోని థుయిన్ అనే చిన్న ఊళ్లో జార్జ్ క్విజినేర్ అని ఒక బడిపంతులు ఉండేవాడు. వయొలిన్ వాయించేవాడు. పాట నేర్పితే ఎగిరి గంతేసే పిల్లలు లెక్కలనగానే ఎందుకు ముడుచుకుపోతారన్నది ఆయన బెంగ. చెక్కతో పది రకాల కర్రలు కోయించి ఒక్కో పొడవుకు ఒక్కో రంగు వేశాడు. ఒక సెంటీమీటరుది తెలుపు, రెండుది ఎరుపు, మూడు లేతాకుపచ్చ, అయిదు పసుపు, ఏడు నలుపు, పది నారింజ. కర్ర మీద అంకె ఉండదు, గీత ఉండదు. 1952లో దీని మీద పుస్తకం రాశాడు. మరుసటి ఏడాది కాలెబ్ గటెన్యో ఆ ఊరు వెళ్లి చూసి ఉండకపోతే ఆ కర్రలు థుయిన్ దాటేవి కావేమో. ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో పుట్టిన ఈ గణిత పండితుడు వాటిని దేశదేశాలూ తిప్పాడు. 1960లకల్లా న్యూజిలాండ్ చిన్న తరగతుల బల్లల మీదికి కూడా వచ్చేశాయి. ఇక్కడ ఆ కాలంలో చదువుకున్నవాళ్లను కదిపి చూడండి, రంగులు వరసగా అప్పజెప్పేస్తారు.

గటెన్యో పట్టుబట్టిన సంగతి ఒకటుంది. అంకగణితం తర్వాత బీజగణితం కాదు, బీజగణితమే ముందు అన్నాడు. పిల్లలు మొదట కర్రలతో ఊరికే ఆడుకోవాలి. తర్వాత రంగుల పేర్లలోని అక్షరాలతో తాము చూసింది రాయాలి. అంకెలు ఆ తర్వాతే.

పాపకూరాలోని ఒక ఆప్ షాప్‌లో, అంటే పాత సామాన్ల దుకాణంలో, నాకు ఒక పాత చెక్క పెట్టె దొరికింది. తెల్లవి సగం పోయాయి, ఆ చిన్న ఘనాలు ఎక్కడైనా అలాగే పోతాయి. నారింజవి అంచుల్లో రంగు ఊడి చెక్క తేలింది. మా మనవరాలు ఇయర్ 2లో ఉంది. తెలుగు అక్షరాలతోనే మొదలుపెట్టాం. ఎరుపు కర్ర పక్కనే లేతాకుపచ్చ కర్ర చేర్చి, వాటి కింద పసుపు కర్ర పెట్టింది. చివరలు కలిశాయి. పలక మీద "ఎ + లే = ప" అని రాసింది. ఎర్ర కర్రను అరచేత్తో మూసి, ఇప్పుడేం రాస్తావన్నాను. "ప − ఎ = లే" అంది, ఆలోచించకుండానే. అప్పుడు అసలు ప్రశ్న వేశాను: "తెల్లదాని విలువ 2 అనుకో. పసుపు ఎంత?" తెల్లవి అయిదు ఏరి పసుపు కర్ర పొడవునా పేర్చి, "పది అమ్మమ్మా" అంది. తెల్లదాన్ని 3 చేస్తే పదిహేను. ఆ తెల్ల కర్రే ఎక్స్. దాని పేరు పిల్లకు ఇప్పుడే తెలియాల్సిన అవసరం లేదు.

ఇంత మంచి ఆలోచన మరి ఏమైంది? కర్రలు నిలిచాయి, ఆలోచన పోయింది. చాలా తరగతుల్లో అవి కూడికలకు ఆసరాగా మిగిలాయి. ఎరుపంటే రెండు, పసుపంటే అయిదు అని బట్టీ పట్టించారు. అక్కడితో ఎక్స్ చచ్చిపోయింది. 1980లలో ఇక్కడి చిన్న తరగతులకు బిగినింగ్ స్కూల్ మ్యాథమెటిక్స్ పేరుతో సామగ్రి పెట్టెలొచ్చాయి. 2000 తర్వాత న్యూమరసీ ప్రాజెక్టులు వచ్చాయి. వీటి మీద నాకు గౌరవం ఉంది. ముందు వస్తువుతో చేయించడం, తర్వాత వస్తువును గుడ్డ కప్పి ఊహించుకోమనడం, చివర సంఖ్యల గుణంతోనే తేల్చమనడం న్యూమరసీ ప్రాజెక్టుల పద్ధతి. టీచర్లకు ఇచ్చిన పుస్తకాల్లో ఎనిమిదోదానికి పేరే బీజగణిత ఆలోచన మీద పెట్టారు. 2007 పాఠ్యప్రణాళిక సంఖ్యల్నీ బీజగణితాన్నీ ఒకే గొడుగు కిందికి తెచ్చింది, చిన్నపిల్లలకు కూడా. 2010లో నేషనల్ స్టాండర్డ్స్ వచ్చి, పిల్ల ఏ మెట్టు మీదుందో కొలవడం మీదికి చూపు మళ్లింది. 2017 చివర్లో అవీ పోయాయి. ఇప్పుడు రోజుకో గంట లెక్కలు, వర్క్‌బుక్కులు.

ఈ కథ వింటుంటే నాకు మన జిల్లానే గుర్తొస్తుంది. 1980లలో బ్రిటిష్ సాయంతో నడిచిన ఏపీపీఈపీ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) శిక్షణలో మమ్మల్ని నేల మీద కూర్చోబెట్టి చింతపిక్కలు, పుల్లలు, గులకరాళ్లతో చేయించారు. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కింద గణితం కిట్లు కూడా వచ్చాయి. ఒక బడిలో ఆ కిట్టును హెడ్మాస్టరు బీరువాలో పెట్టి తాళం వేశారు, పోతే ఆడిట్‌కు జవాబు చెప్పుకోవాలని. ఆయన భయం ఆయనది, కానీ పిల్లలకు అందింది మాత్రం తాళం కప్ప. తర్వాత పథకాల్లో టీఎల్‌ఎంకు, అంటే బోధన సామగ్రికి, టీచరుకు ఏడాదికి 500 రూపాయలిచ్చారు. అట్టముక్కల మీద స్కెచ్ పెన్ను బొమ్మలు బోలెడు తయారయ్యాయి. మేళాల్లో ఫొటోలూ దిగాం.

కిట్టు కొనని ఇళ్లలో కూడా బీజగణితం ఉంది. ఇక్కడి మావోరీ సభాగృహాల గోడల మీద టుకుటుకు పలకల్లో పౌతామా అని మెట్ల నమూనా ఉంటుంది. చదువులో ఒక్కో మెట్టూ ఎక్కడానికి అది గుర్తు. తరవాతి మెట్టుకు ఎన్ని గళ్లు కావాలని అడిగితే పాఠం మొదలైనట్టే. మన ముగ్గూ అంతే. ఏడు చుక్కలు, సరి చుక్క, ఒకటి వరకు. మధ్యలో 7, పైకీ కిందికీ 5, 3, 1. మొత్తం 25. 1, 3, 5, 7 కలిపితే 16, అంటే నాలుగు నాలుగులు. మిగిలిన 5, 3, 1 కలిపితే 9, అంటే మూడు మూడులు. తొమ్మిది చుక్కలతో వేస్తే ఎంతవుతుందో ముగ్గు వెయ్యకుండానే చెప్పమనండి. అయిదు అయిదులు, నాలుగు నాలుగులు, 41 అని చెప్పిన పిల్లకు సూత్రం వచ్చేసినట్టే.

తల్లులకు నేను చెప్పేది ఇదే. పెట్టె దొరక్కపోతే ఐస్‌క్రీం పుల్లలను సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా కోసి రంగులు వేయండి. మొదటి నెల వాటికి అంకెలు మాత్రం చెప్పకండి.