ఈ దుకాణం ఎవరిది? హమ్‌దర్ద్ చరిత్ర చెప్పే జవాబు



పోయిన నెల మా భాంజా ఫోన్ చేశాడు. నంద్యాలలో వాడూ, వాడి అన్నా, ఒక దోస్తూ కలిసి బేకరీ పెట్టి ఆరేళ్ళయింది. అల్‌హందులిల్లాహ్, ఒకటి మూడయ్యాయి. ఇప్పుడు నాలుగోది కర్నూలులో తెరవాలని చూస్తున్నారు. "మామూ, ఆదివారం మీరొచ్చి మా మధ్యన కూర్చోండి. బ్యాంకువాళ్ళు లోన్ ఇస్తామంటున్నారు. కానీ ఎవరి హిస్సా ఎంత అని అడిగితే ముగ్గురం మూడు మాటలు చెప్పాం" అన్నాడు.

వాడు నవ్వుతూనే చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా దాదా దుకాణం గుర్తొచ్చింది.

మా దాదాది లారీల స్పేర్ పార్టుల దుకాణం. ఆయన ఉన్నన్నాళ్ళూ అబ్బా, చిచ్చా ఒకే గల్లాపెట్టె ముందు కూర్చున్నారు. దాదా ఇంతెఖాల్ అయిన మూడో ఏడు దుకాణం మధ్యలో గోడ లేచింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఆ గోడకు ఇటుకలు అందించినవాళ్ళలో నేనూ ఉన్నాను. రెండు వైపులా దాదా పేరుతోనే బోర్డులు. వచ్చిన డ్రైవర్లు "అసలు దుకాణం ఏది?" అని అడిగేవాళ్ళు. పదేళ్ళలో రెండూ మూతబడ్డాయి. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. దుకాణాన్ని రెండు చేశారు గానీ దాదాకు నలుగురు వారసులున్నారు. మా ఫుప్పూలిద్దరికీ ఏ ముక్కా రాలేదు. వాళ్ళు అడగలేదు, మనవాళ్ళు ఇవ్వలేదు.

మా దాదాకు తిజారత్ తెలియదని ఎవరూ అనలేరు. సరుకు, బేరం, ఉధార్, వసూలు అన్నీ తెలిసినవాడు. ఒక్క సవాల్‌కు మాత్రం ఆయన బతికుండగా జవాబు ఇవ్వలేదు. ఈ దుకాణం ఎవరిది, దేనికోసం?

ఆదివారం నంద్యాల వెళ్ళేముందు ఆ సవాల్‌కు జవాబిచ్చిన ఒక ఖాందాన్ చరిత్రను కాగితం మీద రాసుకున్నాను. వాళ్ళ సీసా రంజాన్‌లో మనందరి దస్తర్‌ఖాన్ మీదా ఉంటుంది. రూహ్ అఫ్జా. దాన్ని తయారుచేసే హమ్‌దర్ద్.

మొదటి ఫైస్లా: హకీమ్ లేకపోయినా నడిచేది

1906లో ఢిల్లీలో హకీమ్ హాఫిజ్ అబ్దుల్ మజీద్ ఒక చిన్న దవాఖానా తెరిచారు. హమ్‌దర్ద్ అంటే దర్ద్‌లో తోడుండేవాడు. అప్పటి ఢిల్లీలో హకీములకు కొదవ లేదు. ఒక్కొక్కరి పేరూ ఒక్కో గల్లీలో మోగేది. కానీ హకీమ్ కారోబార్‌లో ఒక కమ్‌జోరీ ఉంది. మరీజ్ వచ్చేది ఆ మనిషి చేతి నబ్జ్ కోసం, ఆ మనిషి రాసే నుస్ఖా కోసం. ఆ మనిషి పోతే జనం కూడా పోతారు.

1907లో ఆయన వేసవి వేడికి ఒక షర్బత్ తయారుచేశారు. పళ్ళు, పూలు, జడీబూటీల అర్క్‌లు కలిపిన ఎర్రటి షర్బత్. దానికి రూహ్ అఫ్జా అని పేరు. మీర్జా నూర్ అహ్మద్ అనే కళాకారుడు రంగురంగుల లేబుల్ గీస్తే, దాన్ని బొంబాయిలో అచ్చు వేయించారు. దవాఖానా సరుకుకు ఆ రోజుల్లో అంత ఖర్చుపెట్టి లేబుల్ వేయించడం చిన్న ఫైస్లా కాదు. కొనేవాడు హకీమ్ ముఖం చూడకుండా సీసా చూసి నమ్మాలి, ఈ సీసా ఎలా ఉందో వచ్చే ఏటి సీసా కూడా అలాగే ఉండాలి అని దాని మతలబ్.

నుస్ఖా హకీమ్‌తో పోతుంది, సీసా ఉండిపోతుంది. ఈ తేడా ఎంత పెద్దదో పదిహేనేళ్ళ తర్వాత తెలిసింది.

మన హైదరాబాద్‌లో కూడా ఇలాంటి ఉదాహరణ ఉంది. 1920లో హకీమ్ మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలుపెట్టిన కార్ఖానా జిందా తిలిస్మాత్. జలుబు చేసినా, తలనొప్పి వచ్చినా మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఆ చిన్న సీసానే వెతుకుతారు. వంద ఏళ్ళు దాటినా జనం నమ్మకం ఆ సీసా మీదే ఉంది. నలభై సరుకులు పెట్టడం ఒక్కటే ఎదుగుదల కాదు. ఒక్క సరుకును ఎప్పుడూ ఒకేలా ఇవ్వడం కూడా ఎదుగుదలే.

రెండో ఫైస్లా: 1922లో ఒక బేవా తీసుకున్నది

1922లో హకీమ్ అబ్దుల్ మజీద్ మర్హూమ్ అయ్యారు. వయసు నలభై కూడా దాటలేదు. పెద్ద కొడుకు అబ్దుల్ హమీద్ 1908లో పుట్టాడు, అంటే పద్నాలుగేళ్ళ లడ్కా. చిన్న కొడుకు మొహమ్మద్ సయీద్ 1920లో పుట్టాడు, ఇంకా రెండేళ్ళ పసివాడు. ఇంట్లో ఉన్నది వాళ్ళ అమ్మీ రాబియా బేగం.

మన ఇళ్ళలో ఇలాంటి సమయంలో ఏమవుతుందో మీకు తెలుసు. "ఆడమనిషి దుకాణం ఏం నడుపుతుంది? అమ్మేసి ఆ పైసలతో పిల్లల్ని పెంచుకోమ్మా" అని సలహా ఇచ్చేవాళ్ళు పది మంది వస్తారు. రాబియా బేగం అమ్మలేదు. పెద్ద కొడుకును పక్కన పెట్టుకుని కారోబార్ నడిపించారు. ఆ అబ్బాయి ఆ వయసు నుంచే జిమ్మేదారి మోశాడు. తర్వాత తమ్ముడు టిబ్బియా కాలేజీలో హిక్మత్ చదివి వచ్చి అన్నతో కలిశాడు.

కంపెనీల చరిత్రలు రాసేవాళ్ళు మొదలుపెట్టినవాళ్ళ గురించి, పెద్దది చేసినవాళ్ళ గురించి రాస్తారు. మధ్యలో ముక్కలు కాకుండా పట్టుకున్నవాళ్ళ గురించి తక్కువ రాస్తారు. 1922లో సర్మాయా చెల్లాచెదురై ఉంటే ఆ తర్వాతి కథ ఏదీ లేదు. అయితే ఆమె పట్టుకోగలిగింది కూడా ఎందుకంటే ఆ కారోబార్ హకీమ్ సాబ్ నబ్జ్ మీద మాత్రమే నిలబడి లేదు. సీసాలు ఉన్నాయి, పేరు ఉంది, లేబుల్ ఉంది. మొదటి ఫైస్లా రెండోదాన్ని కాపాడింది.

మూడో ఫైస్లా: బట్వారా వచ్చినప్పుడు

1947. ఢిల్లీ కాలిపోతోంది. నగరంలోని ముసల్మాన్లలో వేలమంది పురానా ఖిలాలో, హుమాయూన్ మక్బరాలో తలదాచుకున్నారు. ఎన్నో ఖాందాన్లు సగం ఇక్కడా సగం అక్కడా అయ్యాయి. ఈ ఇంట్లో కూడా అదే. అన్న హకీమ్ అబ్దుల్ హమీద్ ఢిల్లీలోనే ఉంటానన్నారు. తమ్ముడు హకీమ్ మొహమ్మద్ సయీద్ 1948 జనవరిలో, ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో కరాచీ వెళ్ళారు. ఢిల్లీలో పెద్ద కార్ఖానా వదిలి, అక్కడ చిన్న అద్దె చోటులో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. పేరు హమ్‌దర్ద్, షర్బత్ రూహ్ అఫ్జా.

ఇద్దరు అన్నదమ్ముల మధ్య సరిహద్దు పడింది. మా దాదా దుకాణంలో లేచిన గోడ కంటే పెద్ద గోడ. అయినా రెండు వైపులా కారోబార్ బతికింది. ఎందుకు బతికిందో అర్థం కావాలంటే నాలుగో ఫైస్లా చూడాలి.

నాలుగో ఫైస్లా: మాలిక్ అనే మాట తీసేయడం

1948లో, ఢిల్లీ గాయాలు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే, హకీమ్ అబ్దుల్ హమీద్ హమ్‌దర్ద్‌ను వక్ఫ్ చేశారు. 1953లో తమ్ముడు కరాచీలో తన హమ్‌దర్ద్‌ను కూడా వక్ఫ్ చేశారు. ఢాకాలో ఉన్న శాఖ కూడా బంగ్లాదేశ్ ఏర్పడ్డాక అక్కడ వక్ఫ్‌గానే నడుస్తోంది.

వక్ఫ్ అంటే మస్జిద్, ఖబ్రస్తాన్, దర్గా భూములు అని మనకు అలవాటు. నడుస్తున్న కార్ఖానాను వక్ఫ్ చేయడం అంటే ఏమిటి? ఆ రోజు నుంచి దానికి మాలిక్ అంటూ మనిషి లేడు. దాన్ని అమ్మకూడదు, గిఫ్ట్ ఇవ్వకూడదు, విరాసత్‌లో పంచకూడదు. నడిపేవాడు ముతవల్లీ, అంటే అమానత్ మోసేవాడు. ముతవల్లీ ఎవరు కావాలో, ఆమ్దనీ దేనికి పోవాలో వక్ఫ్‌నామాలో రాసి ఉంటుంది. నిన్నటిదాకా సేఠ్ అయినవాడు ఈరోజు నుంచి హిసాబ్ చెప్పాల్సిన మనిషి.

ఇది ఖైరాత్ మాత్రమే అనుకోవద్దు. ఇందులో పక్కా తిజారతీ అఖల్ ఉంది. పంచుకోవడానికి వీల్లేని సర్మాయా ప్రతి తరంలోనూ సన్నబడదు. లాభం ఇంటి ఖర్చుల్లోకి కరిగిపోదు. ఢిల్లీలో ఆ లాభం ఎక్కడికి పోయిందో కళ్ళతో చూడొచ్చు. 1962లో వైద్య చరిత్ర పరిశోధనా సంస్థ. 1964లో హమ్‌దర్ద్ నేషనల్ ఫౌండేషన్. 1969లో బస్తీ నిజాముద్దీన్‌లో గాలిబ్ అకాడమీ. 1989లో జామియా హమ్‌దర్ద్ యూనివర్సిటీ. కరాచీలో తమ్ముడు మదీనతుల్ హిక్మా కట్టారు, 1991లో అక్కడా హమ్‌దర్ద్ పేరుతో యూనివర్సిటీ వచ్చింది. షర్బత్ సీసాల పైసలతో రెండు దేశాల్లో రెండు యూనివర్సిటీలు.

1998 అక్టోబర్‌లో హకీమ్ సయీద్‌ను కరాచీలో కాల్చి చంపారు. 1999 జూలైలో ఢిల్లీలో అన్న కూడా ఇంతెఖాల్ అయ్యారు. తొమ్మిది నెలల్లో ఇద్దరూ పోయారు. రెండు కారోబార్లలో ఏదీ ఆగలేదు.

వక్ఫ్ కూడా జాదూ కాదు

ఇక్కడ ఆపేస్తే ఇది అందమైన కహానీ అవుతుంది గానీ సగం నిజమే అవుతుంది. ఢిల్లీలో తర్వాతి తరాల్లో ముఖ్య ముతవల్లీ ఎవరన్న ఝగడా కోర్టుకెక్కింది. సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2019 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. నియ్యత్ ఎంత సాఫ్‌గా ఉన్నా, పెద్దాయన పోయాక మనుషులు మనుషులే.

అయితే ఆ ఝగడాలో ఒక సంగతి గమనించండి. "నా ముక్క నాకివ్వండి, అమ్ముకుంటాను" అని కాదు. "నడిపే హక్కు ఎవరిది" అని. జవాబు కోసం కోర్టు చూసింది రాసి ఉన్న కాగితాలనే. కాగితం ఉంది కాబట్టి ఝగడా కాగితం చుట్టూ తిరిగింది. మా ఇంట్లో కాగితం లేదు, అందుకే ఇటుకలు లేచాయి.

ఇంకో హెచ్చరిక కూడా చెప్పాలి. దీన్ని చదివి ఎవరైనా "అయితే ఆస్తి మొత్తం వక్ఫ్ చేసేస్తే ఆడపిల్లలకు హిస్సా ఇవ్వక్కర్లేదు" అనుకుంటే అది ఉల్టా సబఖ్. వక్ఫ్ వారసుల హక్కు నుంచి పారిపోయే దారి కాదు. మా ఫుప్పూల సంగతి ముందే చెప్పాను.

నంద్యాలలో నేనేం చెప్పాను

ఆదివారం వెళ్ళాను. చాయ్, వాళ్ళ సొంత ఉస్మానియా బిస్కెట్లు. ముగ్గురూ నాలుగో దుకాణం లెక్కలు టేబుల్ మీద పరిచారు. అద్దె, ఓవెన్, మనుషులు. లెక్కలు బాగానే ఉన్నాయి. నేను వాటిని పక్కకు జరిపి మూడు సవాళ్ళు అడిగాను.

మొదటిది. మీ ముగ్గురిలో ఒకడు ఆర్నెల్లు మంచం పడితే ఏ సరుకు ఆగిపోతుంది? చిన్న భాంజా వెంటనే అన్నాడు, "దిల్‌పసంద్. అది భయ్యా చేతిలోనే ఉంది." అయితే ముందు ఆ నుస్ఖాను కాగితం మీదకు, తర్వాత ఇంకో ఇద్దరి చేతుల్లోకి తేవాలి. నాలుగో దుకాణం ఆ తర్వాత.

రెండోది. మీలో ఒకరు లేకపోతే మీ బీవీ ఈ టేబుల్ దగ్గర కూర్చుని హిసాబ్ అడిగితే చూపించగలరా? ఇద్దరు తలలు దించుకున్నారు. రాబియా బేగం గురించి చెప్పాను.

మూడోది. ఇది ఎవరిది? పెట్టిన పైసలకు ఎంత, చేసే పనికి ఎంత, ఎవరైనా బయటికి పోతానంటే ఎలా లెక్క కట్టాలి, దుకాణం పేరు ఎవరికి ఉండాలి? ముగ్గురి మధ్య మొహబ్బత్ ఉన్నప్పుడే రాసుకోవాలి. కోపం వచ్చాక రాసే కాగితం నోటీసు అవుతుంది. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ లావాదేవీలను రాసుకోమని చెప్పేదే అని గుర్తుచేశాను. అది ఒకరినొకరు నమ్మనివాళ్ళకు వచ్చిన హుకుం కాదు, ఈమాన్ ఉన్నవాళ్ళకు వచ్చింది.

దోస్త్ కుర్రాడు కొంచెం నొచ్చుకున్నట్టు కనిపించాడు. "మామూ, మేం ఒకరి మీద ఒకరం షక్ పడేవాళ్ళం కాదు" అన్నాడు. "నాకు తెలుసు బేటా. మా అబ్బా, చిచ్చా కూడా పడలేదు. గోడ కట్టే ముందు రోజు రాత్రి కూడా ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నారు" అన్నాను. ఆ మాటకు ఎవరూ ఏమీ అనలేదు.

వాళ్ళు వక్ఫ్ చేయాలని నేను చెప్పలేదు. అది వాళ్ళ తౌఫీఖ్. ముందు వకీల్ దగ్గరికి వెళ్ళి పార్ట్‌నర్‌షిప్ కాగితం రాయించుకుంటామన్నారు. కర్నూలు దుకాణాన్ని ఆర్నెల్లు వాయిదా వేశారు. బ్యాంకు మేనేజర్‌కు నచ్చదేమో. ఫర్వాలేదు.

తిరిగొస్తూ కర్నూలులో ఆగి చిన్న ఫుప్పూ ఇంటికి వెళ్ళాను. ఆమెకిప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు. దాదా దుకాణం లేదు గానీ ఆ జాగా అమ్మిన పైసల్లో అబ్బా వాటా మా దగ్గరికి వచ్చింది. అందులో ఆమె హిస్సా ఎంతో లెక్క కట్టమని మా ముఫ్తీ సాబ్‌ను అడిగానని చెప్పాను. పెద్ద ఫుప్పూ ఇప్పుడు లేరు, ఆమె పిల్లలకు కూడా చెప్పాలి. ఫుప్పూ కాసేపు నా ముఖం చూసి, "ఇన్నేళ్ళకు ఎందుకురా ఇప్పుడు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఫ్రిజ్‌లోంచి సీసా తీసి షర్బత్ కలిపి ఇచ్చింది. తాగి వచ్చాను.

మీ ఇంట్లో కూడా దుకాణం ఉందా? చిన్నదైనా సరే. ఈ వారం ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు ఒక్కసారి అడగండి, ఇది ఎవరిది అని. జవాబులు రెండు వస్తే కలమ్, కాగితం తీయండి.

ఖుదా హాఫిజ్.