4.3 కమాండ్ లైన్‌లో దోష సందేశాల పరిణామం

కమాండ్ లైన్‌లో మీరిచ్చిన ఆదేశం తప్పయితే కంప్యూటర్ ఒక దోష సందేశాన్ని చూపుతుంది. అది అర్థం కాక ‘ఈ విద్య నాకు రాదు’ అని చదువు ఆపేసేవారున్నారు. ఆ సందేశాలను మొదట ఎవరి కోసం రాశారో తెలిస్తే మీరలా నిరాశపడరు.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో యూనిక్స్ రూపకల్పన మొదలైంది. కెన్ థాంప్సన్ దానికోసం రాసిన ‘ఈడీ’ అనే ఎడిటర్, ఏ తప్పు జరిగినా ఒక్క ప్రశ్నార్థకం (?) మాత్రమే చూపేది. ఇందుకు రెండు కారణాలున్నాయి. ఒకటి, ఆనాటి టెలిటైప్ యంత్రం కాగితంపై సెకనుకు సుమారు 10 అక్షరాలే ముద్రించగలిగేది. రెండు, దాన్ని వాడేవారు ఎక్కువగా ఆ ప్రోగ్రాములు రాసినవారూ, వారి సహోద్యోగులూ. వారికి ఆ గుర్తే చాలు.

తరువాత తెరలు వచ్చాయి, వాడేవారు పెరిగారు. పాత సందేశాలు మాత్రం చాలాకాలం మిగిలాయి. టెర్మినల్‌కు మాత్రమే వర్తించే పనిని వేరొక ఫైలుపై చేయబోతే ‘ఇది టైప్‌రైటర్ కాదు’ అని యూనిక్స్ జవాబిచ్చేది.

నేర్చుకునేవారి గురించి ఆలోచించినవారు మొదటినుంచీ ఉన్నారు. 1965లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం విద్యార్థుల కోసమే ‘వాట్‌ఫర్’ అనే ఫోర్ట్రాన్ కంపైలర్‌ను, మెరుగైన దోష సందేశాలతో తయారుచేసింది. 2015లో ఎల్మ్, 2016లో రస్ట్ భాషల కంపైలర్లు తప్పున్న పంక్తిని చూపి, దిద్దుకునే మార్గాన్ని సూచించే పద్ధతిని అనుసరించాయి. 2021లో వచ్చిన పైథాన్ 3.10, మూయని బ్రాకెట్ ఎక్కడుందో చెబుతుంది. పేరు తప్పుగా రాస్తే దానికి దగ్గరి పేరును సూచిస్తుంది.

ఇక భాష సంగతి. 1991లోనే యూనికోడ్‌లో తెలుగు చేరింది. 1995లో వెలువడిన గ్నూ గెట్‌టెక్స్ట్‌తో, ప్రోగ్రామును మార్చకుండానే సందేశాలను అనువదించే వీలు కలిగింది. అయినా పైథాన్ దోష సందేశాలు నేటికీ ఆంగ్లంలోనే ఉన్నాయి. చెన్నేకొత్తపల్లిలో తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటివద్ద ఒంటరిగా సాధన చేసే దూరవిద్య విద్యార్థికి పక్కన అధ్యాపకుడుండడు. అక్కడ దారి చూపవలసింది ఆ సందేశమే.

కాబట్టి మీరు ప్రోగ్రాం రాసేటప్పుడు ప్రతి దోష సందేశంలో మూడు విషయాలు చెప్పండి: తప్పు ఎక్కడ జరిగింది, ఏం జరిగింది, ఇప్పుడేం చేయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: యూనిక్స్‌లో 2వ నంబరు దోషానికి ‘అలాంటి ఫైలు లేదా డైరెక్టరీ లేదు’ అని అర్థం. పై మూడు విషయాలూ ఉండేలా ఈ సందేశాన్ని తెలుగులో తిరగరాయండి.